లక్క పోసిన వైపరు

ఉత్తరం వచ్చేసరికి నేను పెరట్లో కారు అద్దం తుడుస్తున్నాను. మావారు భాస్కరరావు దాన్ని వీధి గుమ్మంలోనే చించి చదివి, బురదలో చెప్పులు జారుతున్నా పరుగెత్తుకొచ్చారు. బాలికల పాఠశాలల ఇన్‌స్పెక్ట్రెస్ దేవమ్మగారు శుక్రవారం ఉదయం గుడివాడ స్టేషన్లో దిగుతారట. మూడు రోజులపాటు దివిసీమ బళ్లు చూసి రావడానికి మా కారు కావాలట. ప్రయాణం సుఖంగా జరిగితే ఈ ఏడాది ఆవిడ తిరుగుళ్లన్నీ మా కారులోనే.

తడిగుడ్డ చేతిలో ఉండగానే చప్పట్లు కొట్టాను. నీళ్లు ఆయన మొహం మీద చిందాయి. ఆయన నవ్వి ఉత్తరం నా చేతికిచ్చారు. చివరి వాక్యం నేనే చదివాను. "వెనుక సీటులో కూర్చున్నచో నాకు వాంతులగును గనుక ముందు సీటు నాకై యుంచవలెను."

ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

మా పాత కారులో అద్దం తుడిచే వైపరు చేత్తో తిప్పేది. అద్దం పైన చట్రానికి నడిమధ్య ఒక కన్నం, అందులోంచి దూరిన సన్నటి ఇరుసు. దానికి బయట రబ్బరు పుల్ల, లోపల బొటనవేలంత ఇత్తడి పిడి. పెళ్లయినప్పటినుంచి వానలో ఆ పిడి తిప్పే పని నాదే. ఒక్కసారి తిప్పితే లోకమంతా అరచందమామ ఆకారంలో కడిగినట్టు కనిపించేది. అయితే ఇరుసు పక్కనుంచి చొరబడిన నీళ్లు చట్రం వెంట జారి, ముందు సీట్లో కూర్చున్నవాళ్ల ఒళ్లో చుక్కచుక్కగా పడేవి. ఇన్నాళ్లూ వాటిని దోసిట్లో పట్టుకుని ఆయన మీద చల్లడమే నాకు సరదా. ఇప్పుడు ఆ చుక్కలు ఇన్‌స్పెక్ట్రెస్ గారి కాగితాల మీద పడతాయి. పైగా శ్రావణం ముసురు నాలుగు రోజులుగా తెరిపి ఇస్తూ మళ్లీ పడుతూనే ఉంది.

ఈ మూడు రోజుల ప్రయాణం మీదే అంతా ఉంది. మావయ్యగారు పట్టాభిరామయ్యగారు తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తా. బి.ఏ. చదివిన కొడుకు అద్దె కారు నడపడం ఆయనకు తలవంపులుగా ఉంది. సోమవారంలోగా కారుకు నిలకడైన పని దొరక్కపోతే దాన్ని అమ్మేసి కచేరీలో చేరాలని గడువు పెట్టారు. కారు తోలుతున్నప్పుడు ఈయన ఈల వేస్తారు. కచేరీకి అర్జీ రాసిన రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

ఉపాయం చెప్పింది నేనే. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు చేసే అప్పయ్యగారి కొట్టు నాకు తెలుసు. డొల్ల గాజులోకి ఆయన కరిగిన లక్క పోస్తుంటే చూడడం నాకు ఎంతో ఇష్టం. ఆ గాజు నూతిలో వేసినా లోపలికి చుక్క నీరు పోదు. కన్నం చుట్టూ ఆ లక్కే పోయిస్తే సరిపోతుందన్నాను. ఈయనకు అది బ్రహ్మాండంగా తోచింది. బుధవారం పొద్దున్నే అప్పయ్యగారు కారు మీదకు వంగి, గాజుకు పోసినంత ఒద్దికగా ఇరుసు చుట్టూ లక్క పోశారు. పైనుంచి మూడు బిందెలు గుమ్మరించాం. లోపల చుక్క లేదు. నేను ఆనందం పట్టలేక అప్పయ్యగారికి రెండోసారి కాఫీ ఇచ్చాను. పిడి తిప్పి చూడాలన్న ఆలోచన ముగ్గురిలో ఎవరికీ రాలేదు.

సాయంత్రం పెడన దారిలో వాన అందుకుంది. పిడి తిప్పబోతే కదల్లేదు. రెండు చేతులతో పట్టి తిప్పినా కదల్లేదు. ఎదుట అద్దమంతా తెల్లటి నీటి తెర. ఈయన తల బయటపెట్టి చూసేలోపు ఎదురుగా ఎడ్లబండి మీదకు వచ్చేసింది. కారు పక్కకు తిప్పేసరికి ముందు చక్రం కాలవగట్టు అంచున ఆగింది. అద్దంలోంచి కాదు, నా పక్క కిటికీలోంచి కాలవ నీళ్లు కనిపించాయి. ఆ సీట్లో నా బదులు దేవమ్మగారు ఉంటే అన్న మాట ఇద్దరి నోటి దాకా వచ్చి ఆగిపోయిందని నాకు తెలుసు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

గురువారం మధ్యాహ్నం ఇస్సాకును పిలిపించాం. పెళ్లిళ్లకూ గుడారపు కూటాలకూ పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చి, వాటిని తనే బాగుచేసుకునే మనిషి. లక్కను గోటితో గీరి చూసి నావైపు తిరిగాడు.

"ఇది మూసేసే కన్నం కాదండీ అమ్మగారూ. తిరిగే మెడ. మెడకి మీరు ఉరి బిగించారు."

ఉపాయం నాదని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. సిగ్గుతో తల వంచుకున్నాను. అతను ఇనప చువ్వ కాల్చి లక్కను కొద్దికొద్దిగా కరిగించి తీశాడు. ఇరుసు ఏళ్ల తరబడి ఊగి ఊగి కన్నం కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయిందని చూపించాడు. సందు అక్కడుందన్నమాట. లైటు పంపులో వాడే తోలు వాషరు ఒకటి ఆముదంలో నానబెట్టి ఇరుసుకు తొడిగాడు. కన్నంలోకి ఇత్తడి గొట్టం ముక్క బిగించి, దాని అంచు చుట్టూ మాత్రమే లప్పం పూశాడు. పిడి వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది.

నేను బిందె తేబోతే వద్దన్నాడు. లప్పం తెల్లవారేదాకా ఆరాలి. అంతవరకు తడపకూడదు, కారు కదపకూడదు. "బిందె నీళ్లకి ఇది కారదండీ. పరుగులో గాలి నీళ్లని లోపలికి ఎదురు తోస్తది. దానికి మాత్రం నేను పూచీ పడలేను" అని, కారు మీద తాటాకు చాప కప్పి వెళ్లిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు మావయ్యగారు కచేరీ నుంచి వచ్చారు. చాప కప్పిన కారును చూశారు.

"కచేరీలో కూర్చుంటే నెత్తిన పెంకైనా ఉంటుందిరా. నీ బండికి తాటాకు దిక్కయింది."

సముద్రం వైపు ఆకాశం కాటుక పూసినట్టుంది. ఈయన ఉత్తరం మళ్లీ విప్పి ముందు సీటు మాట దగ్గర వేలు పెట్టి అలాగే నిలబడ్డారు. కారడం సంగతి ఆవిడకు చెప్పకుండా ఎక్కించుకుందామా అని నేను అడగబోయి మానేశాను. కాలవగట్టు గుర్తొచ్చింది.

కాసేపటికి ఈయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రేపు అయిదింటికి బయల్దేరుతున్నాం" అన్నారు. "ముందు సీట్లో నువ్వు కూర్చో. ఆ వంగపండు రంగు పట్టుచీర కట్టుకో, చుక్క పడితే దాగదు. గుడివాడ చేరేలోగా ఒక్క మచ్చ కనిపించినా స్టేషన్లో ఆవిడకి ఉన్నమాట చెప్పి, బస్సు ఎక్కించి వచ్చేద్దాం. సోమవారం కచేరీకి వెళ్తాను. మచ్చ లేకపోతే నువ్వక్కడ దిగి, రైల్లో ఇంటికొచ్చెయ్యి."