ఆలిచిప్పల పొడి

ఆనందపురం అవతల జగ్గారావు ఇంట్లో కోడిపెట్ట పెంకు లేని తోలుగుడ్డు పెడితే, వాళ్లమ్మ ఆలిచిప్పలు కాల్చి, దంచి, నూకల్లో కలిపి వేసేది. కొన్నాళ్లకు గుడ్డు గట్టిపడేది. ఆ వైద్యమే ఇప్పుడు కొంప ముంచింది. అతని కొంప కాదు, దేవిశ్రీ కొంప.

విశాఖలో ఒక కాలేజీ ప్రయోగశాలలో అతను అటెండరు. దేవిశ్రీ అక్కడ పరిశోధన చేస్తున్న పిల్ల, మల్కాపురంలో పోర్టు కలాసీ కూతురు. ఆరు తొట్లలో ఆరు మంచినీటి తాబేళ్లు. నీళ్లలో లేశమంత రేడియోధార్మిక స్ట్రాన్షియం కలిపి రెండు నెలలు ఉంచింది. తర్వాత మామూలు నీళ్లలోకి మార్చి, ఒంట్లోకి ఎంత చేరింది, ఎంత బయటికి పోయిందని వారం వారం కొలుస్తోంది.

"అది సున్నానికి పెత్తల్లి కొడుకులాంటిది బాబాయ్. ఒంటికి తేడా తెలీక డిప్పలో దాసీసుకుంటది. ఇంక ఓ పట్టాన వదల్దు" అని మొదట్లోనే చెప్పింది.

జగ్గారావు తలూపాడే గానీ, చూపంతా కిటికీ పక్క మూడు తొట్ల మీదే. వాటిలోని తాబేళ్ల డిప్పలు మెత్తబడ్డట్టు తోచాయి. ఏటా శ్రీకూర్మం వెళ్లి తాబేలు దేవుడికి దణ్ణం పెట్టుకొచ్చే మనిషి, ఊరుకోలేకపోయాడు. మర్నాటి నుంచే ఆ మూడింటి మేతలో చిటికెడు ఆలిచిప్పల పొడి.

వాచ్‌మన్ కోటి చూసి నవ్వాడు. "ఏటి బావా, తాంబేళ్లకి బాలింత పథ్యం పెడతన్నావేటి?"

"నోర్మూసుకో బావా. పేనం ఉన్నవి కదా."

మేత రిజిస్టరులో మాత్రం రోజూ 'చార్టు ప్రకారం' అని రాసి సంతకం చేశాడు. అలా నాలుగు నెలలు.

ఇవాళ గైడు ఉమామహేష్ గారు లెక్కలు చూశారు. ఆ మూడింటిలో చేరిన స్ట్రాన్షియం మిగతావాటిలో సగం కూడా లేదు.

"ఒకే నీళ్లు, ఒకే మేత. అంకెలు ఇంట్లో కూర్చుని వండావా అమ్మా?"

"లేదు సార్. జగ్గారావు బాబాయిని అడగండి. చార్టు దాటి ఒక్క పలుకు వెయ్యడు."

"ఏమయ్యా?"

జగ్గారావు చేతిలో బీకరు తుడుస్తూ, "చార్టు పెకారమేనండి" అన్నాడు.

"సోమవారానికి సంజాయిషీ రాసివ్వు. లేదంటే నీ పని ఇక్కడితో ఆపేద్దాం" అని ఆయన ఆ పిల్లకి చెప్పి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం దేవిశ్రీ తన క్యారేజీలో చేపల పులుసు సగం అతని మూతలోకి వంచింది. "తిను బాబాయ్. నీ మాటొక్కటే నాకు దన్ను."

జగ్గారావు మూత పక్కన పెట్టేశాడు.

"అమ్మా, నాను అబద్దమాడీసినాను." తలెత్తకుండా పొడి సంగతంతా చెప్పాడు. "సార్‌కీ నానే సెప్పీస్తాను."

అరిచినా బాగుండేది. అరవలేదు. దేవిశ్రీ తనలో తాను గొణుక్కుంది. "అసలు సున్నం దొరికితే ఒళ్లు దొంగ సున్నాన్ని ఎందుకు పట్టుకుంటది..." తర్వాత రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. "ఏ రోజు వేశావు? ఏ రోజు వెయ్యలేదు? అది తెలిస్తే ఈ మూడూ పనికొస్తాయి."

పేజీ తర్వాత పేజీ, ఒకే మాట, ఒకే సంతకం. పొడి అయిపోయిన రోజులున్నాయి, మరిచిపోయిన రోజులున్నాయి. ఏవో అతనికే తెలీదు.

"పోనీ, రోజుకెంత?"

"సిటికెడు."

ఆమె సన్నపు త్రాసు మీద కాగితం పరిచింది. అతను పొడి డబ్బా తెచ్చి చిటికెడు వేశాడు. అంకె రాసుకుంది. మళ్లీ వేశాడు. మొదటిదానికి రెట్టింపు. మూడోసారి సగం పొడి బల్ల మీద రాలింది.

దేవిశ్రీ బల్ల తుడిచింది. అతని మొహం చూడలేదు.

"ఇంకోసారి వెయ్యండి, జగ్గారావు గారూ" అంది.