బొట్టు చెరగని చిత్రిక

మా ఇంట్లో ఏదో జరుగుతోందని నాకు మొదట చెప్పింది నా ముక్కు. మా అనంతు చొక్కాకి సబ్బు రుద్దానో లేదో, తుమ్ములే తుమ్ములు. కళ్లు మండిపోయాయి. మిరపకాయ ఘాటు! పదో తరగతి చదివే పిల్లాడు, ట్యూషనుకని వెళ్లినవాడు, చొక్కా నిండా మిరప దుమ్ము ఎలా తెచ్చుకుంటాడు? మా పెదకాకానిలో ట్యూషను మాస్టారి ఇల్లు ఒక దిక్కు, మిరప కళ్లాలు ఇంకో దిక్కు.

నాకు అనుమానం ఎక్కువని మా వారు రామచంద్రమూర్తిగారు పెళ్లయిన నాటి నుంచీ అంటూనే ఉన్నారు. అవును, ఎక్కువే. ఇంటికి ఒకరికైనా ఉండాలి కదా! ఆయన బళ్లో తెలుగు మాస్టారు. పాలవాడు నీళ్లు కలిపి తెచ్చినా గేదె నీరసంగా ఉందేమోలే అనే రకం. అలాంటి మనిషితో కాపురం చేస్తే ఎవరికైనా అనుమానం రాకేం చేస్తుంది?

అప్పటి నుంచి పిల్లాణ్ణి కనిపెట్టడం మొదలుపెట్టాను. స్టవ్వులో కిరసనాయిలు తగ్గుతోంది. పాత గుడ్డపేలికలు మాయమవుతున్నాయి. అటక మీద టకటకమని చప్పుళ్లు. అడిగితే ఎలకలమ్మా అంటాడు. ఆ ఏడు పత్తికి తెల్లదోమ పడి రైతులంతా తలలు పట్టుకుని కూర్చున్నారు. ఊళ్లో చిల్లర దొంగతనాలు ఎక్కువయ్యాయని, ఒకళ్ల మోటారు తీగలు పోయాయని, ఇంకొకళ్ల పలుగులూ పారలూ పోయాయని ఒకటే మాటలు. నిచ్చెన వేసుకుని అటకెక్కాను.

ధాన్యం గోతం వెనక ఇంకో గోతం. విప్పితే అన్నీ ఇనుప సామాన్లు! పటకారు, పిడిలేని సుత్తి, రెండు ఉలులు, ఆకురాయి, పళ్లు అరిగిన రంపం. తుప్పు పట్టిన ముక్క ఒక్కటీ లేదు. అద్దాల్లా తోమి, నూనె రాసి, నా పాత చీరముక్కల్లో చంటిపిల్లల్లా చుట్టిపెట్టి ఉన్నాయి. నా కిరసనాయిలంతా ఎటు పోయిందో అప్పుడర్థమైంది.

వాడు బడి నుంచి రాగానే వాకిట్లోనే నిలబెట్టాను.

"ఏమిట్రా ఇవి?"

"పనిముట్లమ్మా."

"అది నాకూ కనపడుతోంది. ఎవరివని అడుగుతున్నా."

"నావే. గుంటూర్లో మొహిద్దీన్ బాషాగారిది పాత ఇనుప సామాన్ల కొట్టు ఉందిలే. అక్కడ చవగ్గా ఇస్తాడు."

"చవకో ప్రియమో, డబ్బెక్కడిది నీకు?"

వాడు తల దించుకున్నాడు. "సెలవు రోజుల్లో కళ్లంలో తాలుకాయలు ఏరుతున్నా."

ఎండు మిరప రాశి ముందు కూర్చుని తెల్లబడిపోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పెట్టే పని. కూలి పని! మాస్టారి కొడుకు! నాకు ఒళ్లు మండిపోయి ఒక్కటి వేద్దామని చెయ్యెత్తాను. వాడి వేళ్ల కొసలు చూశాను. మిరప మంటకి ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. ఎత్తిన చెయ్యి అలాగే దించేసి, వెన్న తెచ్చి రాశాను. రాస్తూనే తిట్టాననుకోండి.

ఆ రాత్రి మా వారికి చెప్పక తప్పలేదు. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. పాలవాడి దగ్గర ఎంత మెతకైనా, పరువు దగ్గర ఆయన మహా గట్టి.

"కొనుక్కుంటే కొనుక్కున్నాడు. కష్టపడ్డ సొమ్మే కదా," అన్నారు. "కానీ పాత సామాన్ల కొట్టంటే దొంగసొత్తు చేరే చోటు. వీటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొంగదని తేలిందా, మొత్తం గోతం తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో ఇచ్చేస్తాను. వాడు ఇంకెప్పుడూ ఇనుప ముక్క ముట్టుకోడానికి వీల్లేదు. రేపు బళ్లో పిల్లలకి నేను నీతులు చెప్పాలి."

అనంతు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు కూడా వాడి మొహం అంతలా పాలిపోలేదు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ గోతం పోవడం ఇష్టంలేకపోయింది. ఎందుకంటే మర్నాడే వాడు నా కత్తిపీట తీసుకెళ్లాడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ కాలు ఊగే కత్తిపీట అది. దాని మీద దోసకాయ తరగడమంటే నాకు రోజూ ప్రాణగండం. వాడు పెరట్లో కూర్చుని ఉలితో ఏదో చెక్కాడు, చిన్న మేకు కొట్టాడు. తెచ్చి నా ముందు పెట్టాడు. కూర్చుని చూద్దును కదా, అంగుళం కదిలితే ఒట్టు! పుస్తకం పట్టుకుంటే ఆవలింతలు తీసే పిల్లాడు, ఉలి పట్టుకుంటే తిండి కూడా మర్చిపోతున్నాడు. ఏ తల్లికైనా అర్థంకాదా ఇది? ఈ గోతం వాడికి దక్కాలి, అంతే, అనుకున్నాను. దక్కాలంటే దొంగసొత్తు దరిచేరకూడదు. ఇక కొత్తది ఏది తెచ్చినా నేను తిప్పి తిప్పి చూసి గానీ లోపలికి రానివ్వలేదు.

శివరాత్రి తిరునాళ్లు అయ్యాక ఒక శనివారం చిత్రిక తెచ్చాడు. చెక్క నున్నగా చేసే పనిముట్టు. నల్లటి చెక్క దిమ్మ, మధ్యలో ఇనుప పలక. పట్టుకునే చోట చెక్క ఎవరి అరచేతికో సరిపోయేలా లోతుగా అరిగి ఉంది. వాడి కళ్లు వెలిగిపోతున్నాయి.

"ఎంత బాగుందో చూడమ్మా! బేరం కూడా ఆడలేదు, బాషాగారు అడిగినదానికే ఇచ్చేశాడు."

బేరం ఆడకుండా ఇచ్చేశాడా? అక్కడే నాకు పురుగు తొలిచింది. వాకిట్లోకి, వెలుతురులోకి తీసుకెళ్లి తిప్పి చూశాను. పైన, సరిగ్గా అరచెయ్యి ఆనే చోట, పసుపు పూసి మధ్యలో కుంకం బొట్టు. చెక్కుచెదరకుండా ఉంది.

చిత్రికని అక్కడే అరుగు మీద పెట్టేశాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. దసరాకి బొట్టు పెట్టిన వస్తువుని ఆ బొట్టుతో ఇంకొకరికి అమ్మం. కుట్టుమిషనైనా, సైకిలైనా, సొంతదారే తన చేత్తో తడిగుడ్డ పెట్టి తుడిచి, దణ్ణం పెట్టుకుని ఇచ్చేస్తాడు. వడ్రంగులకైతే ఈ పట్టింపు మరీ ఎక్కువ. బొట్టు ఉందంటే సొంతదారు దాన్ని వదులుకోలేదన్నమాట. పైగా రోజూ పని చేసే చిత్రిక మీద దసరా బొట్టు వారం కూడా నిలవదు, చేతి చెమటకే పోతుంది. శివరాత్రి దాటినా ఉందంటే దసరా నుంచీ పెట్టెలోనే ఉందన్నమాట. ఎవడో ఆ పెట్టె ఎత్తుకొచ్చి అమ్మేశాడు. ఇంకేం కావాలి?

నేను చెప్పగానే అనంతు చిత్రికని గుండెలకి హత్తుకున్నాడు.

"తుడిచేస్తే పోలా? నాన్నగారికి తెలీదుగా."

"చెయ్యి వేశావంటే విరగ్గొడతా! ఎవరి బొట్టో నువ్వు తుడిస్తే, ఆ ఎత్తుకొచ్చినవాడికీ నీకూ తేడా ఏమిట్రా?"

అన్నానే గానీ, తడిగుడ్డ నా భుజం మీదే ఉంది. ఒక్క తుడుపు. అంతే కదా, అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. గుడ్డ తీసి దండెం మీద పడేశాను. మా వారు ఎవరిదో షష్టిపూర్తికని అమరావతి వెళ్లారు, సాయంత్రానికి వస్తారు. ఈలోపు తేల్చుకోవాలి. చిత్రికని సంచిలో పెట్టి, పిల్లాణ్ణి లాక్కుని గుంటూరు బస్సెక్కాను.

బాషా కొట్టు నిండా ఇనుము. నన్ను చూడగానే అతను లేచి నిలబడ్డాడు. నేను సంచి తెరిచి చిత్రిక చూపించాను.

"ఇది ఎక్కణ్ణించి వచ్చింది మీకు?"

"పాత సామాన్లమ్మా. ఎందరో తెస్తుంటారు. అన్నీ గుర్తుంటాయా?"

"బొట్టున్న వస్తువు ఎవరు తెచ్చారో గుర్తులేదా? బేరం కూడా ఆడకుండా మా పిల్లాడికి అంటగట్టారే!"

అతనికి రోషం వచ్చింది. "అంటగట్టేదేంటమ్మా? మాది దొంగ కొట్టనుకున్నారా? ఒక ఆడమనిషి తెచ్చింది. ఏడుపుమొహంతో ఉంది. ఇచ్చింది పుచ్చుకుని వెళ్లిపోయింది. దాని మీద లాభం తినబుద్ధి కాలా, కొన్న రేటుకే మీ వాడికిచ్చా. అదీ తప్పేనా?"

"ఎవరామె?"

"నసీమున్నీసా అని, జిన్నింగు మిల్లు వెనక సందులో ఉంటది. పోయి అడగండి."

నా అనుమానం రెండింతలైంది. సాయిబుల ఇంట్లో బొట్టు పెట్టిన పనిముట్టు ఎందుకుంటుంది? అనంతు మాత్రం దారంతా సంచిని రెండు చేతులా పట్టుకుని నడిచాడు.

సందు నిండా పత్తి దూది ఎగురుతోంది. చివరి ఇల్లు. రెండు రెక్కల తలుపు. తట్టితే ఒక్క రెక్కే తెరుచుకుంది. ఆ సందులోంచి ఒకామె మొహం సగం కనిపించింది. మూసిన రెక్క వెనక ఏం దాస్తోందో అని నేను మెడ సాచి చూశాను.

"ఎవరు కావాలండీ?"

అనంతు సంచిలోంచి చిత్రిక తీశాడు. ఆమె మొహంలో రంగు మారిపోయింది.

"వాపసు తెచ్చారా? డబ్బు అయిపోయిందమ్మా. బియ్యం కొనేశా."

"వాపసుకి రాలేదు," అన్నాను. "ఇది ఎవరిది?"

"మా ఆయనది. సుభానీ. గురునాథం ఆచారిగారి దగ్గర చిన్నప్పటి నుంచీ వడ్రంగం చేశాడు."

"మరి ఈ బొట్టు?"

"దసరాకి అందరి పనిముట్లూ వరసగా పెట్టి ఆచారిగారు పూజ చేస్తాడుగా. ఈయనవి కూడా పెట్టేవాడు. పూజయ్యాక ఈయన ఇంటికొస్తా ప్రసాదం తెచ్చేవాడు." ఆమె కొంగు భుజం మీదకి లాక్కుంది. "మొన్న దసరా మర్నాడే మంచం పట్టాడమ్మా. కామెర్లు. మళ్లీ పనికి పోలా, ఆ మంచం మీదే పోయాడు."

దసరా నుంచీ పెట్టెలో ఉందని సరిగ్గానే కనిపెట్టాను. ఎందుకుందో మాత్రం నా బుర్రకి తట్టలేదు.

"మరి అమ్మేముందు తుడవలేదేమ్మా?" అన్నాను.

"తుడవాలని తెలీదమ్మా. మీ వాళ్లు భక్తితో పెట్టింది, మేం చెరిపితే తప్పేమోననుకున్నా. మిగతావన్నీ ఎప్పుడో అమ్మేశా. ఇదొక్కటీ..." అని చిత్రిక వైపు చూసి మొహం తిప్పేసుకుంది.

బొట్టు ఉందంటే సొంతదారు వదులుకోలేదని కదా మా లెక్క. మా అనంతుకి అది నాకంటే ముందే అర్థమైనట్టుంది. చిత్రికని రెండు చేతుల్తో ఆమె ముందు పెట్టాడు.

"మీరే ఉంచుకోండి పిన్నీ. నాకు డబ్బు వద్దు," అన్నాడు. కళ్లంలో ఎన్నాళ్లు వేళ్లు కాల్చుకుంటే వచ్చిందో అది!

ఆమె తీసుకోలేదు. వాణ్ణి ఎగాదిగా చూసింది.

"నీకు చిత్రిక పట్టడం వచ్చా?"

"ఇంకా పట్టలేదు. అమ్మ ముట్టుకోనివ్వలా."

"అయితే ఈ రెక్క చూడు నాయనా. వినాయకచవితి వానలకి ఉబ్బి బిగుసుకుపోయింది. తెరిపిచ్చాక చూస్తాలే, చూస్తాలే అనేవాడు. వడ్రంగి ఇంటి తలుపు ఇట్టాగే ఏడుస్తదని రోజూ పోట్లాడేదాన్ని."

ఓసి నా బుద్ధి కాలా! ఆమె ఏదో దాస్తోందనుకున్నానే, రెక్క రాక సగం తలుపులోంచి మాట్లాడుతోంది పాపం.

అనంతు భుజంతో నెట్టి, తన్ని, ఎలాగో రెక్కని ఊడదీశాడు. పై అంచు మీద చిత్రిక ఆనించి తోశాడు. మొదట ఆగి ఆగి వెళ్లింది. తర్వాత సర్రున సాగింది. సుభానీ పదును పెట్టి పెట్టెలో పెట్టుకున్నది కదా, చెక్క పలచటి చుట్టలు చుట్టలుగా రాలింది. వాడికి చెమటలు పట్టాయి. ఒకచోట ఎక్కువ తీసేశాడు కూడా, నాకు కనపడింది, నేను ఊరుకున్నాను. కాసేపటికి రెక్కని మళ్లీ బిగించి మూసి చూశాడు. చప్పుడు లేకుండా మూసుకుంది.

నసీమున్నీసా బయటికొచ్చి తలుపు రెండు రెక్కలూ తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. అప్పుడు గడప మీద కూలబడి భోరుమంది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాను. ఇంకేం చెయ్యను?

ఏడుపు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుని, అనంతు చేతిలోని చిత్రిక వైపు చూసింది. దాని మీద బొట్టు లేదు. వాడి అరచేతిలో ఉంది, చెమటతో కలిసి ఎర్రగా. వాడు అప్పుడు చూసుకుని బెదిరిపోయాడు. నేనూ బెదిరాను.

ఆమె వాడి వేళ్లు మడిచి గుప్పిట మూసింది.

"ఇంక నీదేరా అబ్బాయ్. తీసుకుపో," అంది.

మేం ఇల్లు చేరేసరికి మా వారు వచ్చేసి ఉన్నారు. చిత్రికని చూసి కళ్లజోడు సవరించుకున్నారు. "దొంగదా?" అన్నారు.

"కాదు. వాడిదే," అన్నాను. "మీకు అంతా తర్వాత చెబుతాను, ముందు పిల్లాడు తిననివ్వండి."

నా మాట మీద నాకంటే ఆయనకే నమ్మకం ఎక్కువ. పక్కకి జరిగి పిల్లాడికి దారిచ్చారు.

అనంతు పీట మీద కూర్చున్నాడు. కుంకం అంటిన కుడిచెయ్యి మోకాలి మీద వెల్లకిలా పెట్టుకుని దానివంకే చూస్తున్నాడు. కాళ్లూ చేతులూ కడుక్కోకుండా మా ఇంట్లో కంచం ముందు కూర్చున్నవాడు లేడు, నేను ఊరుకున్నదీ లేదు. చెంబు తీసి మళ్లీ పక్కన పెట్టేశాను. మీసాలు మొలుస్తున్న పిల్లాడికి ఆ పూట నేనే పప్పన్నం కలిపి ముద్దలు పెట్టాను.