రెండు కొత్తపల్లులు

ఆ గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు మక్తల్ దగ్గరి కొత్తపల్లి నుంచి రాములు అనే గొర్రెల కాపరి మహబూబ్‌నగర్‌లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది సబా.

"అమ్మా, బండేది?" అన్నాడు రాములు. "ఏడు గంటలకే వస్తదని ఫోన్ల చెప్పిన్రు. ఊరి మందలన్ని బడి ముంగట ఆపుకొని కూసున్నం. నాలుగొందల జీవాలు. పిల్లలు లోపలికి పోనీకి తొవ్వ లేదు. సారు కోపానికొస్తాండు."

సబా కంప్యూటర్‌లో చూసింది. గొర్రెలకు టీకాలు వేసే బండి కొత్తపల్లి చేరినట్టే ఉంది. బండిలో ఉన్న పశువుల డాక్టర్‌కు ఫోన్ చేసింది.

"నేను కొత్తపల్లిలనే ఉన్న," అన్నాడాయన. "ఈడ ఒక్క గొర్రె లేదమ్మా. మాకెవరు చెప్పలేదంటున్నరు. మందలను పొద్దుగాలనే అడివికి తోలుకపోయిన్రట."

అడవి అనగానే సబాకు అనుమానం వచ్చింది. మక్తల్ చుట్టుపక్కల అడవి ఎక్కడుంది? డాక్టర్ నిలబడింది అమ్రాబాద్ దిక్కున, నల్లమల అంచున ఉన్న మరో కొత్తపల్లిలో. బండి ఒక ఊరికి పోయింది, ఫోన్ ఇంకో ఊరికి పోయింది. రెండింటి మధ్య నూటయాభై కిలోమీటర్ల పైమాటే. ఇవాళ బండి రాదని, మందలను తోలుకుపొమ్మని సబా రాములుకు ఫోన్ చేసి చెప్పింది.

సబాది మక్తలే. తండ్రి హమీద్ బస్టాండ్ పక్కన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంజనీరింగ్ కాలేజీలో ముగ్గురికి ఒక కంప్యూటర్ ఇచ్చేవారు. కీబోర్డు ఎప్పుడూ సబా ముందే ఉండేది. మిగతా ఇద్దరూ ఆమె వేళ్లు చూస్తూ చదువు పూర్తిచేశారు. హైదరాబాద్‌లో ఐదేళ్లు పనిచేసి, కంపెనీ మహబూబ్‌నగర్‌లో చిన్న ఆఫీసు తెరవగానే అడిగి మరీ ఇక్కడికి వచ్చింది. వచ్చిన రోజే ఆమెను ముగ్గురున్న టీమ్‌కు లీడ్‌ను చేశారు. నాగరాణి, ప్రేమ్‌సాగర్, ఎస్తేరు. ముగ్గురూ ఆమెకంటే చిన్నవాళ్లే. ఒక స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో గొర్రెలకు టీకాలు వేయిస్తుంది. బండి ఏ ఊరికి ఎప్పుడొస్తుందో కాపరులకు ముందురోజే ఫోన్‌లో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది వీళ్లే.

రోజూ అందరికంటే గంట ముందు ఆఫీసుకు వచ్చి ముగ్గురూ రాసిన కోడ్ తెరిచి చూడటం సబాకు అలవాటు. నచ్చని చోటల్లా తానే తిరగరాసేది. వాళ్లు వచ్చేసరికి పని శుభ్రంగా ఉంటే సంతోషిస్తారనుకునేది. ఎవరూ ఏమీ అనలేదు. నాలుగు నెలల్లో ఒక్క గొడవ జరగలేదు, ఒక్కరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. టీమ్ చక్కగా నడుస్తోందని ఆమె నమ్మకం.

ఇప్పుడు ముగ్గురూ ఆమె కుర్చీ వెనక చేరారు. ఊళ్లను సరిచూసే భాగం రాసింది ఎస్తేరు. అందుకని నాగరాణీ ప్రేమ్‌సాగరూ ఆమె వైపు చూడకుండా ఉండటానికి అవస్థ పడుతున్నారు. ఎస్తేరు చేతులు కట్టుకుని నిలబడింది.

సబా ఆ భాగం తెరిచింది. ఊరి పేరు కలిస్తే చాలు, ఫోన్ వెళ్లిపోయేలా ఉంది. పాత మార్పులన్నీ వరసగా చూసుకుంటూ వెనక్కి వెళ్లింది. ఎస్తేరు మొదట రాసినప్పుడు పేరుతోపాటు, ఒక్కో ఊరికి విడిగా ఇచ్చిన నంబరు కూడా కలవాలని ఉంది. రెండు వారాల కింద ఎవరో ఆ నంబరు వరుసను తీసేశారు. తీసేసినవాళ్ల పేరు పక్కనే ఉంది.

సబా.

ఒకే ఊరిని రెండుసార్లు సరిచూడటం దండగనుకుని తానే కొట్టేసిన సంగతి గుర్తొచ్చింది. ఇంకెవరూ గమనించకముందే ఆ పేజీ మూసేయొచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది. తెరను ముగ్గురికీ కనబడేలా తిప్పింది.

"గీ వరుస తీసేసింది నేను," అంది. "ఎస్తేరు మంచిగనే రాసింది. నేనే చెడగొట్టిన."

తర్వాత ఎస్తేరు వైపు తిరిగింది.

"తీసేసినట్టు నువ్వు చూసినవా ఎస్తేరూ?"

"చూసిన మేడం. మా అమ్మమ్మోళ్లది గా అమ్రాబాద్ దిక్కు కొత్తపల్లే. రెండున్నయని నాకు ఎరుకే. అందుకే నంబరు పెట్టిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఎస్తేరు ఒకసారి నాగరాణి వైపు చూసి, తర్వాత నేరుగా సబా ముఖంలోకే చూసింది. "పోయిన నెల నేను రాసినయి పదకొండు మార్చిన్రు మేడం. ఎందుకు మార్చిన్రో ఒక్కసారి చెప్పలే. మీరు మార్చిన్రంటే నాకే సమజ్ కాలేదేమో అనుకున్న."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట సబాకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడే హైదరాబాద్ నుంచి పెద్ద మేనేజర్ సుచరిత ఫోన్ చేసింది. ఏం జరిగింది, ఎవరివల్ల జరిగింది అని అడిగింది. "నావల్లనే మేడం," అని ముగ్గురి ముందే చెప్పింది సబా. "సరిజేస్తున్నం. మళ్ల గిట్ల కాకుండ ఏం చేస్తమో సాయంత్రం రాసి పంపుత." అవతల సుచరిత సరేనని పెట్టేసింది. అంతకంటే పెద్ద గండమేదో వస్తుందని ఎదురుచూసిన ప్రేమ్‌సాగర్ కుదుటపడ్డాడు.

సబా కుర్చీలోంచి లేచింది. "కూసో ఎస్తేరూ. నువ్వే సరిజెయ్. నేను ముట్టుకోను."

తాను చేస్తే ఐదు నిమిషాల పని. ఎస్తేరు నలభై నిమిషాలు తీసుకుంది. ముందు అమ్మమ్మ ఊళ్లోని మేనమామకు ఫోన్ చేసి, మందలు రాగానే డాక్టర్ దగ్గరికి తోలమని చెప్పింది. డాక్టర్ సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత కూడా ఆమె వెంటనే పాత కోడ్ జోలికి పోలేదు. ఒకే పేరున్న రెండు ఊళ్లు పెట్టి, ఫోన్ సరైన ఊరికే పోతోందో లేదో చూసే చిన్న పరీక్షను కోడ్‌లో రాసింది. ఫోన్ తప్పు ఊరికి పోతోందని తేలాక, తీసేసిన నంబరును తిరిగి పెట్టి మళ్లీ నడిపింది. ఈసారి నెగ్గింది. సబా వెనక నిలబడి రెండు చేతులూ కుర్తా జేబుల్లో కుక్కుకుంది. లేకపోతే కీబోర్డు మీదికి పోయేట్టున్నాయి.

"మేడం, ఆగుండ్రి," అంది ఎస్తేరు. ఊళ్ల జాబితా మొత్తం మీద అదే పరీక్ష నడిపింది. ఒకే పేరున్న ఊళ్ల జతలు ఇంకో ఏడు బయటపడ్డాయి. వాటిలో రెండింటికి రాబోయే సోమవారమే ఫోన్లు వెళ్లాలి.

"అయ్యో, మా అత్తోళ్ల ఊరు కూడ ఉన్నది," అని నాగరాణి నవ్వింది. ఆ ఆఫీసులో అందరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి. సబా కూడా నవ్వింది. తాను కూర్చుని ఉంటే ఆ ఐదు నిమిషాల్లో ఒక్క కొత్తపల్లిని సరిచేసి లేచి ఉండేది. మిగతా ఏడు జతలు కాచుకుని ఉండేవి.

శనివారం టీకాల బండి మక్తల్ కొత్తపల్లికి వచ్చింది. దానికంటే ముందే సబా, ఎస్తేరు అక్కడికి చేరారు. రాములును వెతికి పట్టుకుని సబా క్షమించమని అడిగింది.

"ఏం కాలే బిడ్డా," అన్నాడాయన. "జీవాలు బడి మెట్లెక్కినయి. ఒకటి రెండో తరగతిల పోయి కూసున్నది. పిల్లలు ఇంక గదే చెప్పుకుంటున్నరు. గని ఒక్క మాట. మీ ఫోన్ల మాట్లాడేది ఎవరు?"

"కంప్యూటరే మాట్లాడుతది," అంది ఎస్తేరు.

"గదే. 'మీ గ్రామమునకు పశువైద్య వాహనము విచ్చేయుచున్నది' అంటది. విచ్చేసుడేంది? మొదటిసారి ఫోన్ పెట్టేసిన."

పక్కనే గొర్రెపిల్లను ఒడిసి పట్టుకున్న ఆయన భార్య లీలమ్మ కలగజేసుకుంది. "ఇంత లావు ముచ్చట దేనికి? రేపు పొద్దుగాల సూదుల బండొస్తాంది, మందను మేతకు తోలకుండ్రి, ఊళ్లనే ఆపుకోండ్రి అంటే అయిపాయె."

ఎస్తేరు సబా వైపు చూసింది. సబా తలూపింది. ఎస్తేరు ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి, "అవ్వా, గదే మాట జర మళ్లొకసారి అను," అంది. లీలమ్మ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని మళ్లీ అంది. మధ్యలో గొర్రెపిల్ల అరిచింది. రెండోసారి అనిపించినా అరిచింది. ఆ అరుపును అలాగే ఉంచి, ఇకమీదట కాపరులకు వెళ్లే ఫోన్లలో లీలమ్మ గొంతే పెట్టారు.

సోమవారం సబా ముగ్గురినీ కూర్చోబెట్టింది. "ఇగ మీ కోడ్ నేను మార్చ. అడగాల్నంటే అడుగుత. నేను రాసింది కూడ మీ ముగ్గురిల ఒకలు చూసి సరే అంటేనే లోపలికి పోవాలె," అంది. ముగ్గురూ తలలూపారు గానీ నమ్మినట్టు కనిపించలేదు. పది రోజుల దాకా సబా రాసిందల్లా నిమిషంలో సరే అని వచ్చేది. పదకొండో రోజు ఎస్తేరు తిప్పి పంపింది. కింద రెండు ప్రశ్నలు రాసింది. మొదటిదానికి సబా దగ్గర జవాబు ఉంది. రెండోది చూశాక తన కోడ్‌నే మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తింటూ ఇంటికి ఫోన్ చేసి, "అబ్బాజాన్, ఇయ్యాల నా పని తప్పని తిప్పి పంపిన్రు," అని తండ్రికి చెప్పింది. ఆమె అంత సంబరంగా ఎందుకు చెబుతోందో హమీద్‌కు ఎంతసేపటికీ అర్థం కాలేదు.

వానాకాలం ముగిసేలోపు ఉమ్మడి నల్లగొండ జిల్లా ఊళ్లు కూడా ఈ పనిలో చేరాయి. ఆ పనికి లీడ్‌గా ఎవరిని పెడదామని సుచరిత అడిగితే సబా ఎస్తేరు పేరు చెప్పింది. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లకు మొదటి ఫోన్లు వెళ్లే రోజున ప్రేమ్‌సాగర్ పొద్దున వస్తూనే, "నేనొక తప్పు చేసిన, మూడూర్ల తారీఖు తారుమారైంది," అని అందరికీ వినిపించేలా చెప్పాడు. ఎస్తేరు, "ఫోన్లు పోకముందే చెప్పినవు, మంచిగైంది," అని అతని పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది. అరగంటలో తారీఖులు సరిపోయాయి. ఫోన్లు బయల్దేరాయి.

పదకొండింటికి లీలమ్మ ఫోన్ చేసింది. ఎస్తేరు అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"బిడ్డా, మా అక్క బిడ్డె హుజూర్‌నగర్ దిక్కు ఉంటది. నేనే ఫోన్ చేసిన్ననుకొని 'బాగున్నవా చిన్నమ్మా' అన్నదట. నేను బదులియ్యక సూదుల బండి ముచ్చటే చెప్పి పెట్టేసిన్నట. ఏడాదికి ఒక్కసారి ఫోన్ చేసి గిట్లనేనా మాట్లాడేది అని అలిగి కూసున్నది. జర దానికి ఏమన్న చెప్పుండ్రి."

నవ్వులు ఆగాక ఎస్తేరు, "మాట మొదట్ల 'ఇది రికార్డు' అని పెట్టాలె," అంది. "మొదట్ల పెడితే ఎవ్వరు వినరు, ఆఖరుకు పెట్టాలె," అన్నాడు ప్రేమ్‌సాగర్. రెండూ కాదు, లీలమ్మతోనే ఆ మాట చెప్పించాలని నాగరాణి లేచి బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు. సబాకు కూడా ఒక ఉపాయం తోచింది గానీ, తన వంతు వచ్చేదాకా ఆగుదామనుకుని కుర్చీ దగ్గరికి జరుపుకుని వింటూ కూర్చుంది.