మట్టి తలుపు

పదకొండింటికి పురావస్తు శాఖ పెద్దాయన మార్కండేయులు గారు వస్తారు. గుంట చూసి నివేదిక మీద సంతకం చేస్తారు. ఉమాశ్రీ వాచీ చూసుకుంది. తొమ్మిదీ ఇరవై.

మండపేట అవతల, వరిచేల మధ్య దిబ్బ అది. అక్కడ నాలుగు రోజుల కిందట ఆమెకు ఒక నీలి గాజుపూస దొరికింది. నడుము లోతులో, పాత వరద పరిచిన ఒండ్రు పొరకు జానెడు కింద. ఆ పొర కింద ఉన్నదేదైనా వరదకు ముందుదే. అంటే అనుకున్నదానికన్నా మూడు వందల ఏళ్ళ ముందే ఇక్కడ మనుషులు ఉన్నారు. ఆ సంగతి ఉమాశ్రీ పేరుతో అచ్చవుతుంది. ఆరేళ్ళుగా ఆమె తవ్విన గుంటలన్నీ వేరేవాళ్ళ పేర్ల మీదే అచ్చయ్యాయి.

"మేడం గారండీ," గుంటలోంచి ఐజాక్ పిలిచాడు. ఇక్కడ కూలికి తవ్వుతున్నాడు గాని అతని అసలు పని చేలల్లో ఎలకలు పట్టడం. పూస దొరికిన చోట గోడకు బొటనవేలు ఆనించి ఉన్నాడు. "ఇది పందికొక్కు తలుపండి."

"తలుపేంటి?"

"కన్నానికి మనం గండి కొడితే రాత్రికి రాత్రే మట్టితో మూసేసుకుంటదండి. ఆరితే గచ్చులా ఉంటది. మీ తాళ్ళూ కొలతలూ దానికేం తెలుస్తాయండి పాపం."

"మీరు ఆ పక్క గోడ చెక్కండి. ఇది నేను చూసుకుంటాను."

ఆమె గుంటలోకి దిగింది. అతను జరిగాడు. గోడ మీద వేలిముద్ర మిగిలింది.

ఆ సాయంత్రం ఆమెకు గుర్తుంది. పూస తీస్తుంటే తాపీ మొన ఒక్కసారి లోపలికి జారింది. వేలెడు బోలు. పొద్దున్నే చూద్దామనుకుంది. పొద్దున్న వచ్చేసరికి బోలు లేదు, గోడ నున్నగా ఉంది. ఆ నునుపు చూసి ఎంత సంతోషించిందో కూడా గుర్తుంది. నోట్‌బుక్‌లో రాసుకుంది: గట్టి మట్టి, కదలలేదు.

"పొగ పెడితే తెలిసిపోద్దండి," ఐజాక్ అన్నాడు. "పైన ముళ్ళకంపలో దీని నోరు ఉంది. కుండలో గడ్డి కాల్చి ఊదితే, కన్నం ఒకటే అయితే, ఈ తలుపు పొడిస్తే పొగ ఇటొస్తది."

"మట్టి శాంపిల్స్ పాడవుతాయి."

"అయ్యన్నీ మొన్నే కవర్లలో కట్టి రాజమండ్రి పంపేశారు కదండీ."

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే కోప్పడేది.

"పెట్టండి," అంది. తలుపు పొడవకపోతే పొగ రాదన్న ఆలోచన ఆ మాట అనకముందే తనకు వచ్చిందని, అతను కుండ పట్టుకుని పైకెక్కాక గాని ఆమె గమనించలేదు.

పైన ఊదుతున్న చప్పుడు. ఆమె గోడనే చూస్తూ నిలబడింది. ఏమీ రాలేదు. గుండె కుదుటపడుతోంది. అలా కుదుటపడటం ఆమెకు నచ్చలేదు.

గట్టు మీద కారు ఆగింది. అప్పటికి పదిన్నర కూడా కాలేదు.

"ఏమ్మా ఉమా, ఆగలేక ముందే వచ్చేశాను," అంటూ మార్కండేయులు గారు నిచ్చెన దిగారు. వంగి గోడ చూశారు. "ఎంత శుభ్రంగా ఉందమ్మా! మా కాలంలో ఇలా చెక్కినవాళ్ళు లేరు. ఏదీ, ఆ కాగితాలు ఇలా ఇవ్వు." జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు.

ఆమె కాగితాలు ఇవ్వలేదు. తాపీ తీసుకుని ఐజాక్ వేలిముద్ర మీద పొడిచింది. మొదటిసారికి పెచ్చు రాలింది. రెండోసారికి తాపీ పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగగానే సన్నటి పొగ వచ్చింది. తర్వాత దట్టంగా వచ్చింది.

"ఏంటమ్మా ఈ పొగ?" ఆయన దగ్గుతూ వెనక్కి జరిగారు.

"పందికొక్కు కలుగు సార్. పూస పైనుంచి దీంట్లోకి జారింది. ఈ పొరది కాదు."

"ఇప్పుడే తెలిసిందా?"

అవునంటే సరిపోయేది.

"పూస దొరికిన రోజే ఇక్కడ బోలు తగిలింది సార్. రాయలేదు."

ఆయన పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నారు.

"మేడం గారండీ, గోడ దగ్గర్నుంచి తప్పుకోండి!" పైనుంచి ఐజాక్ అరిచాడు. "అదొచ్చేస్తంది!"

ఆమె కదలలేదు. పొగలో, లోపలెక్కడో, గోళ్ళు మట్టిని గీరుతున్న చప్పుడు దగ్గరవుతోంది.