అమ్మనడుగు, వాడినడుగు

“వెబ్‌సైట్లో అక్షరాలు ఎక్కించే పనే కదా, దానికి హెడ్డు కూడానా?” అన్నాడు భర్త, ఒక మేజోడు చేత్తో పట్టుకుని రెండోదాని కోసం గదంతా కలయజూస్తూ. ఆమె మంచం కిందికి వంగి రెండోది తీసి ఇచ్చింది. అది అక్కడుందని ఆమెకెలా తెలుసని అతను ఆశ్చర్యపోలేదు. పెళ్లయిన నాటి నుంచీ అతని వస్తువులన్నీ వాటంతటవే దొరుకుతున్నాయి మరి.

అక్షరాలు ఎక్కించడం కాదని ఆమె చాలాసార్లు చెప్పింది. ఆమె కంపెనీ నీళ్ల మోటార్లు తయారుచేస్తుంది. ఆ మధ్య ఒక పైపుల కంపెనీని కలుపుకుంది. మోటారూ పైపూ కలిస్తే నీళ్లొస్తాయి గాని, రెండు కంపెనీలు కలిస్తే ముందు తగువులే వస్తాయి. ఎవరి వెబ్‌సైట్ వాళ్లదే, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ ఎవరిది వాళ్లదే. వేల పేజీలు రాసుకుని, దిద్దుకుని, పైవాళ్లకు చూపించి లోకం మీదికి వదిలే పెద్ద యంత్రాంగాలవి. మోటార్లవాళ్లదాన్ని ఆమె ‘పెద్దమనిషి’ అనేది. ఏ పేజీ ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, చూడ్డానికి మాత్రం నోటీసు బోర్డులా ఉంటుంది. పైపులవాళ్లది ‘షోకిలా’. ముస్తాబుకు తిరుగులేదు, నిన్న పెట్టిన బొమ్మ ఏదంటే తెల్లమొహం వేస్తుంది. రెండింటినీ పోల్చి ఏది ఉంచాలో తేల్చమని ఆమెకు అప్పగించారు. ఆమె నెలల తరబడి చూసి, రెండూ ఉంచుదామంది. సరుకంతా పెద్దమనిషి దాచాలి, వాకిట్లో నిలబడి చూపించేది షోకిలా.

“రెండూ జావా భాషలో రాసినవే కదమ్మా, ఇట్టే కలిసిపోతాయి” అన్నాడు డైరెక్టరు.

ఒకే భాష మాట్లాడేవాళ్లంతా ఇట్టే కలిసిపోయేట్టయితే మా ఇంట్లో ఈ గోలెందుకు అనుకుంది ఆమె. పైకి మాత్రం “చూద్దాం సార్” అంది.

నానా తంటాలు పడి కలిపింది. అది చూసి, ఆ విభాగానికి హెడ్డుగా ఉండమన్నారు. ఏ సంగతీ ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. కాదంటే బయటి నుంచి ఒకాయన్ని తెస్తారు. ఆయనకు పని నేర్పేది మళ్లీ ఈమే. ఔనంటే పొద్దున్నే బయల్దేరాలి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి.

ఆమెకు ఆ పని కావాలి. సిగ్గేసేంతగా కావాలి. బట్టలు మడతపెడుతూ, హెడ్డు గదిలో తన కుర్చీ ఎటు తిప్పి వేసుకోవాలో కూడా ఊహించుకుంది. కానీ భర్తనడిగితే “నాదేముంది, అమ్మనడుగు. ఇబ్బంది పడేది ఆవిడ” అన్నాడు. అత్తయ్యనడిగితే “నాదేముందమ్మా, వాడెలా అంటే అలాగే” అంది. మళ్లీ అతని దగ్గరికెళితే “ఆవిడ అలాగే అంటుంది, నువ్వు సరిగ్గా అడుగు” అన్నాడు. వారం నుంచీ హాలుకీ వంటింటికీ మధ్య ఇదే తిరుగుడు. ఇద్దరిలో ఎవరూ కాదనలేదు, అదే చిక్కు. కాదన్నవాళ్లతో పోట్లాడొచ్చు, నాదేముంది అన్నవాళ్లతో ఏమని పోట్లాడతాం?

“ఇవాళే చెప్పాలండీ” అంది ఆమె.

“నీ ఇష్టం. అమ్మనొక్క మాట అడిగి చెయ్యి” అని అతను బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆఫీసులో అడుగుపెట్టేసరికి మీటింగు గది దద్దరిల్లుతోంది. మోటార్ల మేనేజరు బల్ల గుద్దుతున్నాడు. ‘చప్పుడు చెయ్యని మోటారు’ అని ఆయన రాయించిన పేజీ, వారమైనా బయటికి రాలేదట. పేజీ కూడా పేరుకు తగ్గట్టు ఎక్కడో చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

ఆమె కంప్యూటరు తెరిచి చూసింది. రెండు సాఫ్ట్‌వేర్లనూ కలిపేటప్పుడు, ఏ పేజీ మీదైనా చివరి మాట తనదే ఉండాలని మేనేజర్లిద్దరూ పట్టుబట్టారు. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టంలేక “ఇద్దరిదీ పెట్టెయ్యమ్మా” అన్నాడు డైరెక్టరు. చివరి మాటలు రెండెలా ఉంటాయండీ అని ఆమె మొత్తుకుంటే వినలేదు. ఇప్పుడు, షోకిలా సరేనంటే నాకూ సరే అని పెద్దమనిషి ఆగింది. పెద్దమనిషి సరేనంటే నాకూ సరే అని షోకిలా ఆగింది. అభ్యంతరం ఎవరికీ లేదు, పేజీ మాత్రం కదలదు.

ఆమెకు నవ్వాగలేదు. పగలబడి నవ్వింది.

“నవ్వుతారేంటి మేడమ్?” అన్నాడు పైపుల మేనేజరు.

“మా ఇల్లు గుర్తొచ్చిందండీ.”

“ఇప్పుడెలా? వీళ్లలో ఎవరినో ఒకరిని తీసెయ్యాలా?” అన్నాడు డైరెక్టరు.

“ఎవర్నీ తియ్యక్కర్లేదు సార్. రాసినవాళ్లే వదలాలి. వదిలామని వీళ్లిద్దరికీ కబురు వెళుతుంది. తప్పుంటే చెబుతారు, దిద్దుకుంటాం.”

“అంటే మమ్మల్ని అడగరా?” అన్నారు మేనేజర్లు. వాళ్లు ఒక్క గొంతుతో మాట్లాడడం అదే మొదటిసారి.

“అడగం. చెబుతాం.”

అన్నాక, ఆ మాట తన చెవికే వినబడింది. ఇన్నేళ్లుగా తను అడిగినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. స్నేహితురాలి పెళ్లికి వెళ్లనా అని అడిగింది. జుట్టు కత్తిరించుకోనా అని అడిగింది. తలనొప్పిగా ఉంది, కాసేపు పడుకోనా అని అడిగింది. తల తనది, నొప్పి తనది, అనుమతి మాత్రం ఇంకొకరిది! ఒళ్లు మండిపోయింది.

“సార్, హెడ్డుగా నేనే ఉంటాను. సోమవారం నుంచి” అంది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి భర్త సోఫాలో ఉన్నాడు. అత్తయ్య చిక్కుళ్లు ఒలుస్తోంది.

“ఆ ఉద్యోగం ఒప్పుకున్నాను” అంది, చెప్పులు విప్పుతూ.

“అమ్మనడిగావా?” అన్నాడతను.

“వాడినడిగావా?” అంది ఆవిడ.

“లేదు. ఎవర్నీ అడగలేదు, చెబుతున్నాను. సోమవారం నుంచి రెండు పూటలా వంట నా వల్ల కాదు.”

భర్త తల్లివైపు చూశాడు. ఆవిడ కోడల్ని ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం కోసం వెతికింది ఆమె, కనబడలేదు.

“అలా చెప్పెయ్యొచ్చన్నమాట” అంది అత్తయ్య, తనలో తను అనుకున్నట్టు. గిన్నె కింద పెట్టి, ఒళ్లోని తొక్కలు దులుపుకుంది. “అయితే నేనూ చెబుతున్నా. సోమవారం మా అక్క దగ్గరికి వెళుతున్నాను. నెల్లాళ్లుంటాను. అది ఎప్పట్నించో రమ్మంటోంది. వీడేమంటాడోనని ఆగాను.”

“నేనేమన్నానమ్మా?”

“ఏమీ అనలేదురా. అందుకే ఆగాను.”

అతను ఇద్దరివంకా మార్చి మార్చి చూశాడు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, లోపలికి తొంగిచూసి, నలభై దాటిన ఆ మగమనిషి మెల్లిగా అడిగాడు:

“బియ్యం డబ్బా ఏ అరలో ఉంటుంది?”