ఇంట్లో ఫాంటు

అక్షరాలకు ఆయువు పోసిన తల్లీ, వాగ్దేవీ! పండితుల నాలుకల మీద నీవు కొలువుంటావని పెద్దలు చెప్పగా విన్నాను. ఆ నాలుకలు ఇంట్లో ఏమేమి పలుకుతాయో కూడా ఒకసారి చెవియొగ్గి విను.

ఆరిన బట్టలు మడతపెడుతూ ఉండగా మా వారి కేక వినబడింది. "ఏం చేసి చచ్చావే నా పుస్తకాన్ని?" వేదాంతం మీద ఆయన రాసిన గ్రంథం అది. అచ్చుకు వెళ్ళిన పుటను ప్రెస్సు అమ్మాయి ఫోటో తీసి పంపింది. ఒత్తులన్నీ ఊడిపోయాయి, సంయుక్తాక్షరాలు ఉండవలసిన చోట ఖాళీ గడులు నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. బ్రహ్మమును గూర్చి ఆయన చేసిన ఘనమైన నిర్వచనంలో గడులు, సున్నలు మాత్రమే మిగిలాయి. అర్థంలో పెద్ద తేడా రాలేదని నాకు తోచింది.

ఆ అక్షరాలు నేను గీసినవి. బజారులో దొరికే ఫాంటులేవీ ఆ సమాసాల బరువు మోయలేకపోతే, వంటిల్లు సర్దుకున్నాక మిగిలిన పొద్దులో ఒక్కొక్క అక్షరాన్నీ కంప్యూటరులో చెక్కి ఫాంటుగా కూర్చాను. ఏళ్ళు పట్టింది. "పాలు పొంగిపోతున్నా పట్టదు, మహాశిల్పి!" అనేవారు అత్తగారు. "పోనీలే అమ్మా, దానికీ పొద్దుపోవాలిగా" అని మా వారు నన్ను వెనకేసుకొచ్చేవారు. ఆ దయను నేటికీ మరువలేదు.

అచ్చుకు పంపేనాడే, ఫైలు బరువుగా ఉన్నా అలాగే పంపమని, ఫాంటు అందులోనే ఉందని మా వారికి చెప్పాను. మెయిల్లో వెళ్ళలేదట. కంప్యూటర్ల కంపెనీలో మేనేజరైన మరిదిని పిలిపించుకున్నారు. "నీకెందుకు వదినా, మేం చూసుకుంటాంగా! ఆ ఫాంటు పీకేస్తే ఫైలు ఇంతైపోతుంది" అని అతగాడు దాన్ని కుదించి పంపేశాడు. ఫాంటు అందని పరాయి కంప్యూటరు తనకు తోచిన మరో ఫాంటును తెచ్చి అతికించుకుంటుందన్న ఇంగితం లేకపోయింది. ఫోటో సంగతి విని ఈవేళ మళ్ళీ దిగాడు. పైగా అదే ఫైలును మా కంప్యూటరులో తెరిచి, "చూడు, ఇక్కడ శుభ్రంగా ఉంది! ప్రెస్సువాళ్ళే దద్దమ్మలు" అని అన్నదమ్ములిద్దరూ తేల్చారు. ఇక్కడ ఆ ఫాంటు కాపురముంటున్నది కనుకనే అక్షరాలు నిలిచాయని వారికి తట్టలేదు. శుభ్రంగా ఉండడం ఇంటికి పుట్టుకతో వచ్చిన గుణమనుకునే మగవారికి ఇది ఎలా తడుతుంది?

ఇంతలో ప్రెస్సు అమ్మాయి ఫోను చేసింది.

"సార్, ఆ ఫాంటు పంపితే చాలండీ, సాయంత్రానికల్లా అచ్చుకెక్కించేస్తాం. ఎవరు చేశారు సార్? పుస్తకంలో పేరు వెయ్యాలి కదా."

"ఎవరూ చెయ్యలేదమ్మా. మా ఇంట్లోదే." మా వారు నా వైపు తిరిగారు. "పంపు, చూస్తావేం?"

ఫోను ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"అమ్మాయీ, అది నేను చేశాను. నా పేరు వేసిన పుట ముందు నాకు చూపించు, అప్పుడు పంపుతాను. లేదంటావా, సారుగారి వేదాంతాన్ని గడులతోనే అచ్చెయ్యి."

"అయ్యో, మీరాండీ! పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను."

చెప్పాను. అదెవరి పేరా అన్నట్టు మా వారు తమ్ముడి ముఖం చూశారు.

ఈ కథ విన్న ఆడవారి చేతిపని వారి పేరుతోనే వర్ధిల్లుగాక! విన్న మగవారికి ఆ వాగ్దేవి తగినంత సిగ్గును ప్రసాదించుగాక!