చెవులకెక్కిన మందు

రెండు నెలలుగా ఆ ఇంట్లో నమలాల్సిన వస్తువేదీ వండలేదు. అన్నం మెత్తగా పిసికి, కూరలు గుజ్జు చేసి పెట్టీ పెట్టీ కుట్టు మాస్టారి భార్యకి విసుగొచ్చేసింది. ఆయన దవడ పన్ను పుచ్చి, బుగ్గ కంటిదాకా వాచింది. డాక్టరు దగ్గరికి పదమంటే సూదంటే భయమంటాడు. ముప్పై ఏళ్లు సూదితోనే బతికిన మనిషికి సూదంటే భయమేమిటని విన్నవాళ్లు నవ్వేవారు. ఆవిడకి నవ్వే ఓపిక కూడా లేదు. ఇవాళ ఎలాగోలా పన్ను పీకించేసి, సాయంత్రం బస్సుకి అక్కగారింటికి వెళ్లిపోవాలనుకుంది. మళ్లీ రాకూడదని కూడా అనుకుంది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

పళ్ల డాక్టరమ్మ చిగురుకి మత్తుమందు ఎక్కించి, "ఎక్కడికి పోయింది మాస్టారూ?" అని అడిగింది. సూది ఎక్కడ గుచ్చినా, మందు మనిషికి ఎక్కువ నొప్పి ఉన్న చోటికే పోతుంది కదా. కిందటి వారం ఒక టీచరుకి తిన్నగా గుండెకి పోతే, పన్ను ఇంకోరోజు చూద్దామని చెప్పి, కాసేపు హాయిగా కూర్చోబెట్టి పంపించేసింది.

మాస్టారు పలకలేదు. మళ్లీ అడిగితే ఆమె పెదవులకేసి అయోమయంగా చూశాడు.

"చెవులకి పోయిందమ్మా," అంది డాక్టరమ్మ ఆయన భార్యతో నీరసంగా. పొద్దుటినుంచి నిలబడే ఉంది పాపం. "ఇంకో సూది వేస్తే మోతాదు మించుతుంది. ఇవాళ తియ్యకపోతే చీము ఎముకలోకి దిగుతుంది. ఆయన చెవిన ఏం పడిందేమిటి?"

"ఏముంటుందండీ, మామూలు మాటలే. ఆయనకి సూదంటే భయం, అంతే."

"భయమైతే కాళ్లకి పోయేది. ఇది భయం కాదు," అని డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

మాస్టారి భార్య స్టూలు లాక్కుని ఆయన పక్కన కూలబడింది. ఎలాగూ వినపడదు కదా అని నోరు విప్పింది.

"బడి యూనిఫారాలు పాడైన రోజు, అంతమంది ముందు మిమ్మల్ని చేతకాని మనిషి అన్నాను. ఆ పిల్లల కొలతలు తీసింది నేను. ఇంట్లో ఉన్న పాత టేపు పట్టుకెళ్లాను. అది సాగిపోయి, ప్రతి కొలతా తక్కువే చూపించింది. మీరేమో షాపులో కొత్త టేపుతో కత్తిరించారు. చొక్కాల చేతులన్నీ పొట్టివైపోయాయి, షాపు మూతపడింది. తప్పు నాదని చెబుదామని రోజూ అనుకుంటాను, రోజూ మిమ్మల్నే కసురుకుంటాను. మీ మొహం చూస్తే సిగ్గేస్తోందండీ. అందుకే సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాను."

మాటల మధ్యలో ఆయన చెవులు తడుముకున్నాడు. కింది పెదవి ఒక పక్కకి జారిపోయింది. వీధిలో స్కూటర్ హారన్ మోగితే ఆయన తల అటు తిరిగింది. ఆవిడ చటుక్కున స్టూలు మీంచి లేచింది. తన మాటలు ఎక్కడినుంచి విన్నాడో ఏమో.

డాక్టరమ్మ వచ్చి, పెదవి నొక్కి చూసి, మందు దవడకి దిగిందని తెలిసి, ఇంకేమీ అడక్కుండా పన్ను పీకేసింది. ఆయన కుర్చీ పట్టుకోను కూడా లేదు. దూది ఉండ కొరికిపెట్టించి, గంటసేపు నోరు తెరవొద్దంది. ఆయన భార్యకేసి చూసి ఏదో అనబోయాడు. డాక్టరమ్మ వేలు చూపించి ఆపేసింది.

"గంట తర్వాత మాట్లాడొచ్చా అండీ?" అంది ఆవిడ.

"మాట్లాడొచ్చు. మీకు పనుంటే వెళ్లండమ్మా, ఆయన నిదానంగా వస్తారు."

"లేదండీ," అంటూ ఆవిడ బయట బల్ల మీద ఆయన పక్కన సర్దుకుని కూర్చుంది. "తిట్టినా సరే, ఆయనేమంటారో విని కానీ కదలను."